పడవలో ఉన్నది చెల్లెలు కాదు

విజయనగరం,
5-2-1968

కూర్మీ,

ఉత్తరం మొదట్లో ఇంటిల్లిపాది క్షేమం రాయాలి కాబట్టి రాస్తున్నాను. మీ అక్కకి మోకాలి నొప్పి, మన అమ్మాయి పద్మకుమారికి పరీక్షల భయం, నాకు మాత్రం ఈ యాభై రెండో ఏట ఒక గొప్ప పదవి దొరికింది. డ్రాయింగు మాస్టరు ఉద్యోగం అలాగే ఉంది, దాన్నెవరూ లాక్కోలేదు. ఇది దానికి పైన.

ఇక్కడి సోవియట్ మైత్రీ సంఘం వాళ్లు రష్యన్ సినిమాలు ఊరూరా తిప్పి చూపిస్తారు. పెట్టెలో వచ్చిన సినిమా రష్యన్‌లోనే మాట్లాడుతుంది. మనవాళ్లకి తెలియాలంటే తెర పక్కన ఒకడు మైకు పట్టుకుని తెలుగులో చెబుతూ ఉండాలి. ఇన్నాళ్లూ చెప్పిన గుమాస్తా గారికి బదిలీ అయింది. నాటకాల్లో నా గొంతు విన్నవాళ్లెవరో నా పేరు చెప్పారట, సంఘం వాళ్లు ఇంటికొచ్చి అడిగారు. నాకు రష్యన్ రాదే అన్నాను. ఆయనకీ రాదన్నారు. ఇంగ్లీషులో రెండు కాయితాల కథ ఇస్తారు, మిగతాది బొమ్మ చూసి మనం అల్లుకోవడమే.

ఇప్పుడు తిరుగుతున్న సినిమాలో పెద్ద నది. మన వంశధారని వరదలో చూశావు కదా, అంత. ఆ రేవులో పడవ నడిపే పిల్ల పేరు లీదా. రోజూ ఆ పడవెక్కే పావెల్ అనే అబ్బాయికి అవతలి ఒడ్డున పనేమీ ఉండదు. మంచి సరదాగా ఉంటుంది అంతవరకూ. ఇంతలో యుద్ధం వస్తుంది, అతను పటాలంలో చేరి రైలెక్కుతాడు, కొన్నాళ్లకి ఆమెకి జాడ తెలియడం లేదని కాయితం వస్తుంది.

ఇది నీకు ముందే చెప్పాలనిపించింది. నా తమ్ముడు జగన్నాధం నీ మెళ్లో తాళి కట్టిన మూడు నెలలకే బర్మా యుద్ధానికి పోయాక మనింటికి వచ్చినదీ అలాంటి కాయితమే కదా. ఫిబ్రవరి పద్దెనిమిది, ఆదివారం చీకటి పడగానే మీ శ్రీకూర్మం హైస్కూలు ఆవరణలో ఆట. బాధనిపిస్తే రాకు. వస్తే ముందు వరసలో కూర్చో, నా గొంతు ఇంకా పనిచేస్తోందో లేదో చెప్పు.

జవాబు రాయి. నీకు పలక మీద అక్షరాలు దిద్దించినవాణ్ణి నేనే, తప్పులుంటే దిద్ది వెనక్కి పంపుతాను.

మైకు దొరికిన మీ బావ,
గణపతిరావు


శ్రీకూర్మం,
22-2-1968

బావా,

బావగారూ అని రాయమని అత్త బతికున్నన్నాళ్లూ పోరుతూనే ఉంది. నీ మేనమామ కూతుర్నై పుట్టి, పదహారేళ్లు బావా అని పిలిచి, నీ తమ్ముణ్ణి చేసుకున్నాను కదా అని చివర గారు తగిలించడం నాకు చేతకాలేదు. అత్త పోయి ఏడాది దాటింది, ఇక అడిగేవాళ్లు లేరు.

నీ గొంతుకేం, గుడి దాకా వినిపించిందట. ఆ లీదా మూడు ముక్కలు మాట్లాడితే నువ్వు ముప్పై చెప్పావు. ఆవిడ నోరు మూసుకున్నాక కూడా నువ్వు చెబుతూనే ఉన్నావు. రైలు దగ్గర ఆమె ఏడుస్తుంటే రాగం తీశావు చూడు, మా వెనక మగవాళ్లు నవ్వు ఆపుకోలేక లేచి బయటికి పోయారు. ఆడవాళ్లం మాత్రం బాగానే ఏడ్చాం. చివర యుద్ధం అయిపోయిన చాలా ఏళ్లకి అతను ఆమె పడవే ఎక్కడం, పక్కన ఒక ఆడమనిషి, ఆమె చంకలో చిన్న బిడ్డ. అప్పుడు నువ్వు, "ఇదిగో పావెల్ తిరిగి వచ్చాడు, చెల్లెల్నీ మేనకోడల్నీ వెంటబెట్టుకుని వచ్చాడు, ఇక పెళ్లే" అనేసరికి చప్పట్లతో ఆవరణ అదిరిపోయింది.

చప్పట్లు కొట్టి ఊరుకుంటే బాగుండేది. మర్నాడు చేపలమ్మే గున్నమ్మ తట్ట దించకుండానే నా గుమ్మంలో నిలబడింది. "మీ ఆయనా వస్తాడే కూర్మమ్మా. ఆ రష్యావోడే వచ్చినాడు, మనోడు రాడేటి?" అంది. అప్పట్నించి దారిన పోయే ప్రతివాళ్లదీ అదే మాట.

ఇప్పుడు నాకొచ్చిన చిక్కు చెబుతాను. సాలూరులో లారీ ఆఫీసులో పనిచేసే నరసింగరావు గారు నీకు తెలుసు, భార్య పోయి ఆరేళ్లయింది. ప్రతి పున్నానికీ కూర్మనాథుడి దర్శనానికి వస్తాడు. వచ్చినప్పుడల్లా చొక్కాకి ఒక గుండీ ఊడి ఉంటుంది, నా మిషను దగ్గరికి వస్తాడు. మామూలుగా ఊడిన గుండీకి దారం పీచుపీచుగా ఉంటుంది. ఇతనిది చూస్తే బ్లేడుతో కోసినట్టు నున్నగా ఉంది. ఏడో పున్నానికి అడిగేశాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి, కానీ మాట మాత్రం తిన్నగానే అడిగాడు. నేను సరే అన్నాను. నలభై మూడేళ్లొచ్చాయి, సిగ్గుపడటానికి తీరికెక్కడుంది.

మనలో మారుమనువు తప్పు కాదు. కానీ అత్తింటి పెద్ద తాంబూలం పట్టుకుని కులపెద్దల ముందు విడుదల మాట చెప్పాలి. అత్త పోయాక ఆ పెద్దవి నువ్వే. మాట లేకుండా వెళితే చెప్పకుండా పోయినదాన్నవుతాను, ఏ ఇంటి శుభకార్యానికీ నన్ను పిలవరు. పద్మకుమారి పెళ్లి రవికెలు నేను కుట్టాలనీ, పీటల పక్కన నేను నిలబడాలనీ నాకు ఎప్పటినుంచో ఉంది. నీ సినిమా చూసినప్పటినుంచి పెద్దలు కూడా, ఇన్నేళ్లు ఆగింది, ఇంకొంచెం ఆగితే ఏం పోయింది అంటున్నారు. వైశాఖం లోపల వచ్చి ఆ మాట చెప్పి వెళ్లు.

ఇంకొక్కటి. కుట్టుపని దాన్ని కదా, నా కళ్లు బట్టల మీదకే పోతాయి. పావెల్ కోటు గుండీలు పెద్దగా కనబడ్డాయి, దారం అడ్డంగా వేసి కుట్టి ఉన్నాయి. ఆ బిడ్డ కోటు గుండీలూ అంతే. రెండూ ఒకే చేతి కుట్టు. పడవ దిగేటప్పుడు ఆ చెల్లెలు అతని మెడ దగ్గర గుండీ కూడా పెట్టింది. వాళ్ల దేశంలో చెల్లెళ్లకి అంత ప్రేమ కాబోలు.

నీ రాకకి ఎదురుచూస్తూ,
కూర్మమ్మ


విజయనగరం,
4-3-1968

కూర్మీ,

నీ ఉత్తరంలో తప్పులు రెండే. వంకలు మాత్రం చాలా ఉన్నాయి.

మొన్న గజపతినగరంలో ఆట. సరిగ్గా పావెల్ రైలెక్కే చోట సినిమా తెగింది. అతికించడానికి అరగంట పట్టింది. సంతకొచ్చిన జనం, ఊరుకుంటారా. తెల్లటి తెర మీద ఏమీ లేకపోయినా నేను చెప్పుకుపోయాను. లీదా వాళ్ల నాన్న పొలం, ఆయన ఎడ్లు, వాళ్ల అమ్మ వంట. రష్యాలో చోళ్లు పండుతాయా అని ఒక రైతు లేచి అడిగాడు. బ్రహ్మాండంగా పండుతాయన్నాను. అంబలి కూడా తాగుతారన్నాను. సినిమా మళ్లీ మొదలయ్యాక జనానికి అంత నచ్చలేదు, తెల్ల తెరే బాగుందన్నారు. సంఘం కార్యదర్శి గారు మాత్రం చోళ్ల సంగతి కాయితంలో ఎక్కడుందని అడుగుతున్నారు.

నీ గుండీల అనుమానానికి జవాబు: రష్యాలో చలి ఎక్కువ, చెల్లెళ్లు అన్నీ కుడతారు, అన్నీ పెడతారు. ఎక్కువ ఆలోచించకు.

నరసింగరావు మంచివాడే, కాదనను. కానీ తొందరేముంది చెప్పు. ఇరవయ్యారేళ్లు గడిచాయి, ఇంకో ఏడాది చూద్దాం. రేపు జగన్నాధం వచ్చి గుమ్మంలో నిలబడితే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? అసలు స్కూల్లో పరీక్షలు, చేతి నిండా సినిమా ఆటలు, వైశాఖంలో నాకు వీలు పడేటట్టు లేదు. వర్షాలు పడ్డాక ఆలోచిద్దాం.

మీ అక్క మోకాలికి నువ్వు చెప్పిన ఆముదం కాపడం పెడుతున్నాం. గుణం లేదు కానీ ఇల్లంతా ఆముదం వాసన.

వీలు చిక్కని బావ,
గణపతిరావు


శ్రీకూర్మం,
19-3-1968

బావా,

డోలోత్సవానికి పద్మకుమారి వచ్చి మూడు రోజులు ఉండి వెళ్లింది. పిల్ల బాగుంది, తిండే సరిగ్గా తినదు. పడుకుని కబుర్లు చెప్పుకుంటుంటే సినిమా మాట వచ్చింది. విజయనగరంలో నీ ఆట తను రెండుసార్లు చూసిందట. కథ చివరి నుంచి మొదలుపెట్టి, "పావెల్ పెళ్లాన్నీ కూతుర్నీ తీసుకుని పడవెక్కుతాడు చూడు పిన్నీ" అంది. చెల్లెలు కదే అన్నాను. నవ్వింది. "చెల్లెలేమిటి, నాన్నే మైకులో భార్య అని చెప్పారు" అంది. గాయంతో పడి ఉన్న అతన్ని ఆ మనిషి ఇంట్లో పెట్టుకుని బతికించిందనీ, లీదా అంతా తెలిసి కూడా వాళ్లని అవతలి ఒడ్డుకి దాటించి, చలికి ఆ బిడ్డకి తన శాలువా కప్పిందనీ అంతా చెప్పింది.

నేను గుండీలు చూసి అనుకున్నదే నిజమైంది. విజయనగరంలో భార్య అయిన మనిషి శ్రీకూర్మం వచ్చేసరికి చెల్లెలు ఎందుకయింది బావా?

రెండు రోజులు ఆలోచించి తెలుసుకున్నాను. నేను నరసింగరావు గారి సంగతి రాయకముందే నీకు ఎవరో చెప్పి ఉంటారు. నేను వెళ్లిపోతే మన ఇంటి పరువు పోతుందని, ఎదురుచూసిన ఆడదానికి మొగుడు తిరిగొస్తాడని ఊరందరి ముందు నాకు పాఠం చెప్పావు. నీ తమ్ముడి పేరు చెప్పి నన్ను ఈ గుమ్మానికి కట్టేయాలని నీ ఉద్దేశం. నువ్వు ఇలాంటివాడివని అనుకోలేదు. ఇది రాయడానికి నాకు బాధగా ఉంది, అయినా రాస్తున్నాను.

మంచాన పడ్డ అత్తకి పద్దెనిమిదేళ్లు ఎత్తిపోశాను, ఎవరి మీదా కోపం లేదు. కానీ వైశాఖంలో నువ్వు వచ్చినా రాకపోయినా నేను సాలూరు వెళతాను. నువ్వు రాకపోతే పద్మకుమారి పెళ్లి నేను చూడలేను, అంతే కదా. ఆ పాపం నీదే.

అక్కకి ఆముదం మానేసి వావిలాకు వేడిచేసి కట్టండి.

కూర్మమ్మ


విజయనగరం,
27-3-1968

కూర్మీ,

పరువు సంగతి నా బుర్రలో లేదు. నరసింగరావు సంగతి కూడా నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు. నువ్వు అనుకున్నదే నిజమైతే నాకు కొంచెం తేలికగా ఉండేది.

దీంతో పాటు ఒక పాత ఉత్తరం పెడుతున్నాను. ముందు నాది పూర్తిగా చదివి, తర్వాత అది విప్పు.

స్వతంత్రం వచ్చిన ఏడాది కార్తీకంలో అది నా స్కూలు చిరునామాకి వచ్చింది. రంగూన్ నుంచి. జగన్నాధం బతికే ఉన్నాడు. కాలికి దెబ్బ తగిలి దళం నుంచి విడిపోయి అడవిలో పడి ఉంటే, అక్కడ కర్ర మిల్లులో పనిచేసే మనవాళ్ల అమ్మాయి ఒకామె తీసుకెళ్లి సాకింది. ఆమెనే చేసుకున్నాడు. ఒక కూతురు. ఇక రాలేనని రాశాడు. చివర నీ గురించి రాసిన నాలుగు ముక్కలు నాకు కంఠతా వచ్చు. "కూర్మిని నా కోసరం ఉంచకండి అన్నియ్యా. అది కుర్రది. మంచోణ్ణి సూసి మనువు సెయ్యండి."

నేను ఆ ఉత్తరం పట్టుకుని ఆ రోజే బండెక్కి అమ్మ దగ్గరికి వచ్చాను. నువ్వు అప్పుడు మిషను నేర్చుకోవడానికి వెళ్లి ఉన్నావు. చదివి వినిపించాను. అమ్మ ఆ కాయితం తీసుకుని మడిచి నా జేబులో పెట్టింది. తర్వాత, "ఇది సదివితే అది ఎల్లిపోతాది. నన్నెవులు సూస్తారు? నీ పెళ్లాం సూస్తాదా?" అంది. నా చేత ఒట్టు వేయించుకుంది. అంతా అమ్మ మీదకి తోసేయగలను, కానీ అది నిజం కాదు. నువ్వు ఉంటే నేను నిశ్చింతగా విజయనగరంలో ఉండొచ్చు. నాకది బాగుంది, ఊరుకున్నాను. తమ్ముడికి జవాబు కూడా రాయలేదు. తర్వాత వాడూ రాయలేదు. అమ్మ పోయాకైనా చెప్పొచ్చు, అప్పటికి చెప్పడానికి ముఖం లేకపోయింది.

సినిమా విజయనగరంలో చెప్పినప్పుడు అది ఒక కథ. మీ ఊళ్లో చెప్పినప్పుడు నువ్వు ముందు వరసలో చేతులు ఒళ్లో పెట్టుకుని నా వైపే చూస్తున్నావు. పడవ రేవుకొచ్చింది. భార్య అనబోయాను, నోటికి రాలేదు. చెల్లెలు అన్నాను. ఆ జనం చప్పట్లు కొడుతుంటే నేను నీ వైపు చూడకుండా తెర వైపు తిరిగాను.

నిన్ను ఆపుతున్నది కూడా అందుకే. విడుదల మాట చెప్పేటప్పుడు పెద్దలు మీ తమ్ముడు బతికున్నాడా పోయాడా అని అడుగుతారు. మైకులో చోళ్లు పండించగలను గానీ తాంబూలం పట్టుకుని అబద్ధం ఆడలేను. నిజం చెప్పే ధైర్యమూ చాల్లేదు.

నువ్వు ఏం చెబితే అది చేస్తాను.

గణపతిరావు


శ్రీకూర్మం,
3-4-1968

గణపతిరావు గారికి,

మీ ఉత్తరం అందింది. లోపలిది కూడా చదివాను.

నాలుగు రోజులు మిషను మూత తీయలేదు. ఏడుపొచ్చింది, అది ఆయన గురించి కాదు. ఆయన నన్ను మర్చిపోకుండా ఒక మంచి మాట రాశాడు. ఆ మాట వచ్చిన నాటికి నాకు ఇరవై రెండేళ్లు. దాన్ని ఇరవయ్యేళ్లు మీ పెట్టెలో పెట్టుకున్నారు.

మే ఐదు, ఆదివారం పొద్దున్న పెద్దలు కూర్చుంటారు. మీరు రావాలి. తాంబూలం పట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, ఉత్తరం సంగతితో సహా. ఆ సాయంత్రం హైస్కూల్లో ఆ సినిమా మళ్లీ చూపించాలి. ఊరివాళ్లు అడిగారని సంఘం వాళ్లకి చెప్పండి. గున్నమ్మ నిజంగానే అడుగుతోంది. ఈసారి దాన్ని కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

కూర్మమ్మ


సాలూరు,
9-6-1968

బావా,

ఈ రెండక్షరాలు రాయడానికి మూడు కాయితాలు పాడయ్యాయి. గారు తీసేశాను. అంటే అంతా అయిపోయిందని కాదు. అత్త పోయింది కాబట్టి ఆవిడతో తగువు లేదు. నువ్వు ఉన్నావు కాబట్టి నీతో ఉంది, మెల్లిగా తీరుతుంది. ఈ లోపల ఉత్తరాలు మానకు.

సాలూరులో మనుషుల కంటే లారీలు ఎక్కువ. పొద్దున్నే మోతకి లేస్తాను. మిషను కిటికీ పక్కన వేశారు. డ్రైవర్ల చొక్కాలన్నీ నా దగ్గరికే వస్తున్నాయి. ఇంట్లో చొక్కాలకి మాత్రం నెల దాటినా ఒక్క గుండీ ఊడలేదు. ఇదేమిటి, దర్శనానికి వెళితేనే ఊడతాయా అని అడిగాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

ఆ రోజు నువ్వు తిరుగు బస్సుకి తొందరపడి వెళ్లిపోయావు, నేను నీతో ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు చెబుతాను. పెద్దల ముందు నీ తాంబూలంలోంచి వక్క కింద పడింది. అయినా పూర్తిగా చెప్పావు, ఎక్కడా రాగం తీయలేదు. వాళ్లు నిన్ను గట్టిగా తిట్టారు. ఆపాలనిపించింది కానీ ఆపలేదు, ఆ తిట్లు నీకు రావలసినవే. చివర "మా గుమ్మం దాటి సుఖంగా ఉండమ్మా" అన్నావు చూడు, అప్పుడు మాత్రం నాకు నువ్వు పలక పట్టించిన రోజులు గుర్తొచ్చాయి.

సాయంత్రం ఆట ఇంకా బాగుంది. పడవ రేవుకొచ్చాక నువ్వు, "పక్కనున్నది అతని భార్య. ఆ బిడ్డ వాళ్ల బిడ్డ" అని ఊరుకున్నావు. జనం రాళ్లేస్తారని భయపడి ఉంటావు. ఎవరూ కదల్లేదు. లీదా శాలువా తీసి బిడ్డకి కప్పుతుంటే పక్క వరసలో మగవాళ్లు ముక్కులు చీదుకోవడం నేను విన్నాను. ఈసారి లేచి పోలేదు. తెర తెల్లబడ్డాక గున్నమ్మ లేచి నిలబడి, "మరి ఆ పడవ పిల్ల గతేటి మాస్టరా?" అని అడిగింది. నువ్వు కాయితాలు రెండూ తిరగేశావు. నాకు తెలుసు, వాటిలో లేదని. గజపతినగరంలో అయితే ఆ పిల్లకి అక్కడికక్కడే పెళ్లి చేసి, చోడి అంబలి తాగించేవాడివి. ఇక్కడ మైకులో, "నాకు తెలీదమ్మా, కాయితంలో నేదు" అన్నావు. ఊరంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"ఆ పిల్లకి పనుంది, రేపు తెల్లారే బండికి సాలూరెల్లాల" అన్నాను. అందరూ నవ్వారు, నువ్వు కూడా నవ్వావు. చూశాను.

పద్మకుమారి రవికెల కొలత ఒకటి పంపించు, పాతది పంపితే చాలు. పిల్ల తిండి తినడం మొదలుపెడితే వదులు చేస్తాను. అక్క మోకాలికి వావిలాకు పనిచేసినందుకు సంతోషం.

చివరగా ఒక సంగతి. ఆ పాత ఉత్తరం మీద ఉన్న రంగూన్ చిరునామాకి నేనొక ఉత్తరం వేశాను. నరసింగరావు గారికి చెప్పే వేశాను, ఆయనే పోస్టు చేసి వచ్చారు. మీ మాట నాకు ఆలస్యంగా అందింది, అందిన నెలకే అలాగే చేశాను, నేను బాగున్నాను, మీ అమ్మాయికి ఇప్పటికి పెళ్లయి ఉంటుంది, ఆశీస్సులు అని రాశాను. చేరుతుందో లేదో తెలియదు. నీ తమ్ముడికి నా కొత్త చిరునామా కంటే నీ స్కూలు చిరునామా బాగా గుర్తుంటుంది. జవాబు అక్కడికే రావచ్చు.

వస్తే విప్పకు. చదివి నాకు కథ చెప్పకు. అలాగే సాలూరు పంపించు. నాకు అక్షరాలు నేర్పింది నువ్వే కదా బావా, నేనే చదువుకుంటాను.

కూర్మమ్మ